మడమ ఎక్కడ?

ఆవు వెనక కాలును ఒకసారి పరకాయించి చూడండి. తొడ దిగాక, కాలి నడిమిలో ఒక కీలు వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. చాలామంది దాన్ని మోకాలనుకుంటారు. మన మోకాలు ముందుకు, పశువుల మోకాలు వెనక్కి అని చిన్నప్పటి నుంచీ అలవాటుగా అనుకుంటూ వస్తాం. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు దానికి చాలా పైన, పొట్ట పక్కన చర్మం మడతలో దాగి ఉంటుంది. మన మోకాలు ఎటు వంగుతుందో అదీ అటే వంగుతుంది. మడమ మాత్రం నేలను వదిలేసి మూరెడు పైకి పోయింది. అంటే ఆవు పుట్టినప్పటి నుంచి పోయేదాకా మునివేళ్ళ మీదే నడుస్తుంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కాలికి రెండేసి వేళ్ళ చొప్పున, ఆ వేళ్ళ గోళ్ళ మీద నడుస్తుంది. గిట్ట అంటే గోరే.

జంతువుల జాడలు చదవడం నేర్పిన మా మాస్టారు చెప్పిన మొదటి పాఠం ఇది. ఆయన కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరై, నల్లమల అంచున ఉన్న ఊళ్ళో స్థిరపడి, ఆసక్తితో వచ్చినవాళ్ళకు అడవి గురించి చెబుతుంటారు. మేమంతా పులి అడుగు చూపిస్తారేమోనని ఎగబడి వెళ్ళినవాళ్ళం. ఆయన మమ్మల్ని పశువుల పాక ముందు నిలబెట్టి, "మడమ ఎక్కడుందో చూపించండి" అన్నారు. ఆవుకు, గేదెకు, మేకకు, కుక్కకు, గోడ మీద పడుకున్న పిల్లికి. వెనక కాళ్ళయ్యాక ముందుకాళ్ళు. అక్కడా అదే తిరకాసు. ఆవు ముందుకాలికి మోకాలని మనం చూపించేది దాని మణికట్టు. మోచేయి పైన, రొమ్ముకు ఆనుకుని ఉంటుంది. ఈ లెక్క ఒకసారి కుదిరాక వీధిలో నడిచే ప్రతి జంతువూ వేరేగా కనబడుతుంది. ఇన్నేళ్ళూ రోజూ చూసిన కుక్క కూడా మన ఎముకలతోనే, మనకున్న వరసలోనే, కొలతలు మార్చుకుని నడుస్తోందని తెలుస్తుంది.

ఎందుకలా మారాయి కొలతలు? కాలు పొడవైతే అడుగు పొడవవుతుంది. కానీ పొడవాటి కాలు చివర బరువుంటే దాన్ని ముందుకూ వెనక్కూ ఊపడానికి శక్తి ఖర్చవుతుంది. అందుకని పరిగెత్తి బతికే జంతువుల్లో కండంతా ఒంటికి దగ్గరగా, తొడలోకీ జబ్బలోకీ చేరింది. కింద ఎముక, నరం, గోరు మిగిలాయి. మాస్టారు కసాయి అంగడి నుంచి మేక కాళ్ళు తెప్పించి, ఉడికించి, శుభ్రం చేసి మా చేతికిచ్చారు. మడమకు దిగువన పొడవైన ఎముక ఒకటుంటుంది. వేలు పెట్టి రాస్తే దాని ముందువైపు నిలువునా సన్నని గాడి తగులుతుంది. ఒకప్పుడు విడివిడిగా ఉన్న రెండు ఎముకలు అతుక్కున్న చోటు అది. మన అరికాలిలో మూడో వేలికీ నాలుగో వేలికీ వెనక ఉండే ఎముకలే అవి. కింది చివరకు వచ్చేసరికి ఆ ఎముక మళ్ళీ రెండుగా చీలి, రెండు గుండ్రటి మొనలై, ఒక్కో మొన ఒక్కో వేలిని పట్టుకుంటుంది. మేక కాలి వెనక, గిట్టలకు కాస్త పైన వేలాడే రెండు చిన్న గోళ్ళున్నాయే, అవి రెండో వేలూ అయిదో వేలూ. బొటనవేలు లేనే లేదు. ఆ ఎముకను చేతిలో తిప్పుతూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. కాళ్ళ పులుసులో ఎన్నోసార్లు చూసిన ఎముకే.

అడవి జంతువుల ఎముకలు ఆయన దగ్గర ఒక్కటీ లేవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులిగోరే కాదు, దుప్పి తనంతట తాను రాల్చుకున్న కొమ్ము కూడా ఇంట్లో పెట్టుకోకూడదు. ఆ నిబంధన మంచిదే. అది లేకపోతే రాలిన కొమ్ముల పేరు చెప్పి చంపిన దుప్పుల కొమ్ములు అమ్ముడుపోతాయి. కాబట్టి మా పాఠాలన్నీ ఊరి జంతువుల మీదే సాగాయి. మేకలో దుప్పినీ, కుక్కలో నక్కనూ రేచుకుక్కనూ, పిల్లిలో చిరుతనూ చూడమనేవారు.

ఒక సాయంత్రం బల్ల మీద రెండు పుర్రెలు పెట్టారు. ఒకటి మేకది, ఒకటి కుక్కది. మేక పైదవడకు ముందుపళ్ళు లేవు. ప్రాణంతో ఉన్నప్పుడు అక్కడ గట్టి చిగురు ఉంటుంది. కిందిపళ్ళు ఆకును దానికి అదిమి పడితే, మేక తల ఒక్క విసురు విసిరి తెంపుతుంది. అందుకే మేక గానీ దుప్పి గానీ మేసిన రెమ్మ చివర పీచులు లేచి, చిరిగినట్టు ఉంటుంది. అదే రెమ్మను కుందేలు కొరికితే, దానికి పైనా కిందా వాడిపళ్ళున్నాయి కనుక, ఏటవాలుగా నున్నగా తెగుతుంది. ఇక కుక్క దవడను కదిపి చూడమన్నారు. పైకీ కిందికీ తప్ప పక్కలకు జరగదు. దవడ కీలు అడ్డంగా గాడిలో బిగిసి ఉంది. దవడ మధ్యలో పైనొకటి, కిందొకటి పెద్దపళ్ళు కత్తెర అంచుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దాటుతాయి. కుక్క ఎముకను నోటి పక్కకు తెచ్చుకుని, తల వంచి కొరకడం అందరం చూశాం. ముందు కోరలు పట్టుకోవడానికే, నరకడానికి ఆ పక్కపళ్ళే దిక్కు. మేక దవడ అలా కాదు, పక్కలకు సులువుగా ఆడుతుంది. నెమరుకు కావలసింది ఆ ఆటే. చివరగా కుక్క పుర్రెను దీపానికి ఎదురుగా పెట్టి ముక్కు రంధ్రంలోంచి చూడమన్నారు. లోపల, ఊదితే విరుగుతాయేమో అన్నంత పలచని ఎముకలు, చుట్టలు చుట్టలుగా ముడుచుకుని ఉన్నాయి. వాటి మీదుగా పోయే గాలిలోనే కుక్కకు ఊరంతా తెలుస్తుంది. అంత పలచని ఎముకను నేను మరెక్కడా చూడలేదు.

దీనంతటికీ జాడలకూ ఏం సంబంధమని ఎవరైనా అడగవచ్చు. మాలో ఒకరు అడిగారు కూడా. జవాబు మర్నాడు ఇసుకలో దొరికింది.

వాగు ఒడ్డున ఇసుకను చదును చేసి మమ్మల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టారు. ముందున్నవాళ్ళు ముందుకాళ్ళు. వెనకున్నవాళ్ళు వాళ్ళ భుజాల మీద చేతులు వేసి వెనక కాళ్ళు కావాలి. మామూలు నడకలో వరస ఇది: వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. నాలుగడుగులు సవ్యంగా పడేసరికి చాలా సేపు పట్టింది గానీ, కుదిరాక ఒక సంగతి ఒంటికే తెలిసింది. వెనకవాళ్ళ ఎడమకాలు వచ్చి పడేది ముందువాళ్ళ ఎడమకాలు ఉన్న చోటికే. ముందుకాలు లేస్తేనే దానికి చోటు. కనుక నింపాదిగా నడిచే జంతువు వెనక అడుగు ముందు అడుగు మీదో, దాన్ని ఆనుకునో పడుతుంది. పిల్లిజాతి ఈ పనిలో సిద్ధహస్తురాలు. ముందుకాలు మోపిన చోట ఎండుటాకు చప్పుడు కాలేదంటే వెనక కాలికీ అదే చోటు క్షేమం. నడక వేగం పెరిగేకొద్దీ వెనక అడుగు ముందు అడుగును దాటిపోతుంది. కుందేలు గంతులో అయితే వెనక కాళ్ళ జాడలే ముందుంటాయి, చిన్నవైన ముందుకాళ్ళ జాడలు వాటి వెనక పడతాయి. ఇది తెలియనివాళ్ళు కుందేలు వచ్చిన దిక్కుకే పోయిందనుకుంటారు. పరుగులో కాళ్ళు ఏం చేస్తాయో మనిషి కంటికి అందదు. గుర్రం దౌడులో నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను వదులుతాయని 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫోటోలు తీశాకే అందరూ ఒప్పుకున్నారు. అదీ చిత్రకారులు గీసినట్టు కాళ్ళు బారగా చాచినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

ముందు పాదం జాడ వెనక పాదం కన్నా పెద్దదిగా ఎందుకు ఉంటుందన్నది ఇంకో ప్రశ్న. కుక్కలో, పిల్లిలో, పులిలో అంతే. తల, మెడ, రొమ్ము బరువు ముందుకాళ్ళ మీద పడుతుంది. ఒంటి బరువులో సుమారు 60 శాతం అవే మోస్తాయి. విచిత్రమేమంటే ఆ ముందుకాళ్ళకు వెన్నెముకతో ఎముక లంకె లేదు. మనకు భుజానికీ రొమ్ముకూ మధ్య కాలర్ బోన్ ఉంది. మేకకు అది లేదు, పిల్లికి ఉన్నా కండలో తేలుతుండే చిన్న పుల్ల అంతే. జబ్బలు రెండూ కండరాల మీదే వేలాడతాయి. పిల్లి గోడ దూకి దిగినప్పుడు ఆ కండరాలే అదురును మింగేస్తాయి. పొంచి నడిచే పిల్లి జబ్బ ఎముకలు వీపు కన్నా పైకి లేచి ఒకటి తర్వాత ఒకటి కదలడం చూసే ఉంటారు. అవి కట్టుబడి లేవు కనుకే అంత స్వేచ్ఛ. ఇసుకలో పడిన ముందుపాదం వెడల్పులో ఈ కథంతా ఉంది.

పులుల అభయారణ్యంలో మన ఇష్టానికి కాలినడకన తిరగనివ్వరు. తిరగకూడదు కూడా. కాబట్టి అడవి బయట, పొలాలకూ అడవికీ మధ్య పారే వాగే మాకు బడి. అక్కడికి రాత్రిపూట నీళ్ళకు రానిదంటూ లేదు. తొలి ఎండలోనో, మలి ఎండలోనో వెళ్ళాలి. వెలుతురు ఏటవాలుగా పడితేనే అడుగు అంచులకు నీడలుంటాయి. జాడ మనకూ సూర్యుడికీ మధ్య ఉండేట్టు నిలబడాలి.

చిరుత అడుగును మొదటిసారి అక్కడే చూశాను. తడి ఒండ్రు మీద, అప్పుడే అద్దినట్టు. గోళ్ళ గుర్తులు లేవు. పిల్లిజాతి గోళ్ళు వేళ్ళలోకి దూరిపోతాయని అంటుంటాం కానీ జరిగేది అది కాదు. వేలి చిట్టచివరి ఎముకే గోరుతో సహా వెనక్కి మడుచుకుని పైకి నిలబడుతుంది. సాగే నరమొకటి దాన్ని అలా పట్టి ఉంచుతుంది. ఊరికే ఉన్నప్పుడు గోరు లోపలే ఉంటుంది, చాచాలంటేనే కండ బిగించాలి. కుక్క గోళ్ళు ఎప్పుడూ బయటే, కనుక కుక్క అడుగు ముందు గోటి చుక్కలు పడతాయి. మాస్టారు నన్ను ఎడమ అరచేయి ఆ జాడ పక్కన బోర్లించి పెట్టమన్నారు. నా నడివేలు ఉంగరం వేలి కన్నా ముందుకుంది. జాడలోనూ నడిమి రెండు వేళ్ళలో ఒకటి కాస్త ముందుంది, అదే వైపు. అంటే అది ఎడమ పాదం. కుక్క పాదంలో నడిమి వేళ్ళు రెండూ సమానంగా ఉంటాయి కాబట్టి ఇంత తేలిగ్గా చెప్పలేం. అరికాలి మెత్త వెనక అంచున మూడు మడతలు కూడా పిల్లిజాతి గుర్తే. అరచేయి బురదలో పెట్టి, నా వేళ్ళకూ ఆ వేళ్ళకూ లెక్క సరిపోతుంటే నాకు కలిగింది భయం కాదు. దగ్గర చుట్టరికం తెలిసినప్పటి సంతోషం.

ఎలుగుబంటి జాడ ఇంకా దగ్గరిది. అది మనలాగే మడమ నేలకు ఆనించి నడుస్తుంది. వెనకపాదం జాడను తొలిసారి చూసినవాళ్ళు ఎవరో మనిషి చెప్పుల్లేకుండా పోయాడనుకుంటారు. కాని మనకు లోపలివైపు వేలు పెద్దది, ఎలుగుకు లోపలివైపు వేలే చిన్నది. వేళ్ళకు ముందు, దూరంగా, పొడవాటి గోళ్ళ గుంటలుంటాయి. ఆ జాడ వెంట కాస్త పోతే తవ్విన చెదపుట్ట కనబడుతుంది. మన ఎలుగుకు పైదవడ ముందుపళ్ళలో నడిమి రెండు ఉండవు. ముక్కురంధ్రాలు మూసుకుని, ఆ సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. పాదానికీ పంటికీ ఉన్న పొత్తు అక్కడ ఆ పుట్ట దగ్గర నిలబడితేనే బోధపడింది.

ఈ పొత్తు గురించి మాట్లాడితే మాస్టారికి క్యువియే గుర్తొస్తాడు. ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు జార్జి క్యువియే 1812లో ఒక మాట అన్నాడు. చీలిన గిట్ట జాడ ఒక్కటి కనబడితే చాలు, దాన్ని వదిలిన జంతువు నెమరు వేసేదని చెప్పవచ్చు, పళ్ళూ దవడా వెన్నుపూసలూ తొడలూ భుజాలూ ఎలాంటివో ఆ ఒక్క జాడే చెబుతుందని దాని సారం. వోల్టేరు కథానాయకుడు జాదిగ్ కనబరిచిన తెలివి కన్నా తన నియమం గట్టిదని కూడా అన్నాడు. జాదిగ్ కథ మనకు కొత్తదేం కాదు. తప్పిపోయిన ఒంటెను చూడకుండానే దాని గుడ్డికన్నూ కుంటికాలూ చెప్పిన అన్నదమ్ముల కథకు అది చుట్టమే. మాస్టారు క్యువియే మాటను ఎంత ప్రేమగా చెప్పేవారో, పది అడుగులు వెళ్ళాక అంత ప్రేమగానూ దాన్ని విరిచేవారు. అక్కడ అడవిపంది జాడ ఉండేది. గిట్ట చీలే ఉంటుంది, కానీ పంది నెమరు వేయదు. దాని చిన్నగోళ్ళు రెండూ కిందికి దిగి, గిట్టల వెనక ఇరుపక్కలా వెడల్పుగా పడతాయి. దుప్పి జాడలో అవి మెత్తటి నేల మీదో పరుగులోనో తప్ప కనిపించవు. నియమం ఎంత అందంగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండమని ఆయన అనేవారు.

అలా ఉండకపోవడం వల్ల దేశం ఒకసారి గట్టి దెబ్బ తింది. పులులను అడుగులను బట్టి లెక్కించే పద్ధతిని ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో రూపొందించారు. అడుగు మీద గాజుపలక పెట్టి గీత గీయడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీయడం, ఒక్కో పులికి ఒక్కో అడుగని లెక్క కట్టడం. 1972లో దేశమంతటా జరిగిన తొలి గణన ఈ పద్ధతిలోనే 1,827 పులులని తేల్చింది. కాని ఒకే పులి అడుగు పొడినేల మీద ఒకలా, బురదలో ఇంకోలా, దిగుడులో మరోలా పడుతుంది. గీసే చెయ్యి మారితే గీతా మారుతుంది. శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్ ఈ లోపాలను ఎత్తి చూపుతూనే వచ్చారు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని బయటపడేదాకా కాగితాల మీద పులులు తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత చారల తేడాతో పులిని గుర్తుపట్టే కెమెరాల పద్ధతి వచ్చింది. 2006 అంచనా 1,411. తప్పు అడుగుది కాదని నా నమ్మకం. అడుగు తనకు తెలిసింది చెబుతుంది: ఏ జాతి, ఎటు పోయింది, ఎంత వేగంగా, ఎప్పుడు. నువ్వెవరివని దాని నోట పేరు పలికించబోయాం. ఇప్పటికీ కెమెరాలు ఎక్కడ కట్టాలో ముందు అడుగులూ పెంటికలూ వెతికినవాళ్ళే చెప్పాలి.

అడవికి వెళ్ళొచ్చినవాళ్ళను మనం మొదట అడిగేది "ఏం కనిపించింది?" అనే. పులి కనబడలేదని ముఖం వేలాడేసుకుని జీపు దిగేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. కనబడిన పులి ఒక నిమిషం మన వైపు చూసి పొదల్లోకి పోతుంది. ఆ నిమిషంలో మనకు దొరికేది దాని రూపం, మన గుండెదడ. జాడ వెంట నడిస్తే దొరికేది దాని రాత్రి. ఇక్కడ ఆగింది, ఇక్కడ విన్నది, ఇక్కడ దారి మార్చుకుంది. ఒక కణితి (సాంబర్ జింక) జాడల మధ్య నేల తడిసి ఉంటే, ఆ తడి వెనక కాళ్ళ జాడలకు ముందుందో వెనక పడిందో చూసి అది మగదో ఆడదో చెప్పవచ్చు. మగదైతే ముందు, ఆడదైతే వెనక. శరీరంలో ఏది ఎక్కడుందో తెలిసినవాళ్ళకు ఇంత సూటిగా అందే సంగతి ఇది. ఆ కణితిని నేను కళ్ళతో చూడలేదు. అయినా దాన్ని ఎరగనని అనలేను.

మాస్టారు మా నోటుపుస్తకాల్లో పేజీని నిలువునా రెండుగా గీయించారు. ఒకవైపు చూసింది, రెండోవైపు అనుకున్నది. రెండూ కలిపి రాస్తే కొట్టేయించేవారు. దక్షిణాఫ్రికాకు చెందిన లూయీ లీబెన్‌బర్గ్ కలహారిలో సాన్ వేటగాళ్ళతో తిరిగి, జాడలు చదవడంలోనే సైన్సు పుట్టిందని వాదిస్తూ 1990లో ఒక పుస్తకం రాశాడు. ఆ గీత గీసిన పేజీని చూస్తే ఆ వాదన నాకు అతిశయం అనిపించదు.

నల్లమలలో ఈ విద్యకు అసలు గురువులు చెంచులు. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ వాళ్ళతో గడిపి రాసిన గ్రంథం 1943లోనే వచ్చింది. ఇవాళ చాలామంది చెంచులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా ఉన్నారు. వాళ్ళకు తెలిసింది కూలి లెక్కలో పోతోందే గాని, చదువు లెక్కలోకి రావడం లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. మాస్టారు ఒక చెంచు పెద్దాయనను పిలిపించుకుని, తన పక్కనే కూర్చోబెట్టుకుని పాఠం చెప్పించేవారు. ఆ పెద్దాయన కాళ్ళ దగ్గరి అడుగును చూడడు. పది బారల ముందుకు చూస్తాడు. "కాడ చూస్తే ఒక్కటే కానొస్తది సారూ, ముందుకు చూస్తే పోయినదారి కానొస్తది" అన్నాడొకసారి.

ఒకరోజు పొద్దున కణితి జాడ ఒకటి వాగు దాటి గట్టెక్కింది. ఒకవైపు అడుగులు పొట్టిగా, తేలిగ్గా పడ్డాయి. కుంటుతోందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ముందుకాలి నొప్పని పెద్దాయన. వెనకకాలని మాస్టారు. "ముందుకాలైతే తల ఎత్తెత్తి వేస్తుందన్నా, రెండో ముందుకాలి జాడ ఇంకా లోతు పడాలి కదా" అని మాస్టారు. "పడింది సారూ, ఇట్ల రా" అని ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూపించాడు. ఇద్దరూ పుల్లలు పెట్టి అడుగులు కొలవడం మొదలుపెట్టారు. మేం చూసింది ఒకవైపు, అనుకున్నది ఒకవైపు రాసుకుంటూ నిలబడ్డాం. వాదన తేలేలోగా ఎండ నెత్తికెక్కి, అడుగుల్లో నీడలు పోయాయి. పుల్లలు తీయకుండా అలాగే ఉంచి, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ అక్కడికే రమ్మన్నారు.